గ్రూపు దాటితే

“ఈ హుగ్లీ వాడి ఒళ్ళో నా బిడ్డ కూసోదు, చెప్పేసినా!” అంటూ గోవిందు పేపరు తీసి నేలకేసి కొట్టాడు.

“కూసోబెట్టుకునేదానికి నాకు తీరిక యాడుండాది బావా? మీ మెరీనా వాళ్ళు తినే గోల్సు లెక్కబెట్టాల గదా!” అన్నాడు గోవిందు పెళ్ళాం పంకజాక్షికి అన్న అయిన ధనంజయ, కుర్చీలో కాళ్ళాడిస్తూ.

ఆసియా క్లబ్బుల ఫుట్‌బాల్ కప్పు మద్రాసులో జరగబోతోంది. ఏ గ్రూపులో ఎవరున్నారో ఆ ఆదివారం పేపర్లో పడింది. మద్రాసులో చదువుకున్న గోవిందుకు మెరీనా క్లబ్బంటే ప్రాణం. ఖరగ్‌పూర్ రైల్వేలో పదేళ్ళు చేసి రేణిగుంటకు బదిలీ అయి వచ్చిన ధనంజయకు కలకత్తా హుగ్లీ క్లబ్బు తప్ప ఇంకో జట్టు కంటికి ఆనదు. చీటీలు తీసిన మహానుభావులెవరో గానీ రెండింటినీ ఒకే గ్రూపులో వేశారు. నాలుగు జట్ల గ్రూపులోంచి పైకి పోయేది ఒక్కటే. ఆ రెండూ తలపడేది గురువారం.

ఆ గురువారమే తిరుమలలో పాపకు పుట్టువెంట్రుకలు తీయించాలని పంకజాక్షి ముహూర్తం పెట్టించి నెలయింది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటేనే పిల్ల తలకు తొలి కత్తి తగలాలి.

పంకజాక్షి గోడకానుకుని జడ వేసుకుంటోంది. నడుము దాటిన జడ. ఆ వీధిలో ఇంకెవరికీ లేని జడ. దాన్ని చూసినప్పుడల్లా గోవిందుకు లోలోపల గర్వంగా ఉంటుంది.

“అన్నా, ఈ నెల దాటితే పాపకు మూడోయేడు ఎల్లిపోతాది. సరి యేట తీయగూడదు, మళ్ళా అయిదోయేటి దాకా ఆగాల. తెలిసే మాట్లాడతా ఉండావా?” అంది.

“ఆగితే ఏంమే? పుట్టువెంట్రుకలు యాడికీ పోవు. ఆసియా కప్పు మళ్ళా మన పక్కకొస్తాదా?”

“మీరన్నా చెప్పండి,” అంది మొగుడితో.

“నేనేం చెప్పేది? గురువారం నేనూ మద్రాసులోనే ఉంటా. ఈయప్ప మొగం మాడేది కళ్ళారా సూడాల.”

“ఎవురిది మాడేదీ సూస్తాంలే. మీ గోల్‌కీపరు నిలబడేది సూస్తే సత్రానికి తలుపు తెరిసి పెట్టినట్టుంటాది. ఎవురైనా రావచ్చు, పోవచ్చు!”

“మీ వాళ్ళకు మటుకు తోసుకునేది తప్ప ఆటొచ్చునా? నేను స్వామికి మొక్కుకున్నా. మెరీనా గ్రూపు దాటితే గుండు కొట్టించుకుంటా.”

“నేనూ మొక్కినా. హుగ్లీ దాటితే నాదీ గుండే. నేను రేణిగుంట నుంచి నడిచొచ్చి మొక్కినా, నీ మాదిరి ఇంట్లో పడుకోని కాదు.”

పంకజాక్షి చేతిలో దువ్వెన ఆగింది. “అంటే ముందు ఆయన గెలిపించాల. ఆమీట మీరు గుండిస్తారు. అంతేనా?”

“గెలవకుండా ఎవుడిస్తాడే?” అన్నారిద్దరూ ఒక్కసారే. ఆ పొద్దు వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

ఆమె జడకు రిబ్బను బిగించి లోపలికి పోయింది. ఆ తర్వాత మూడు రోజులు గోవిందుకు అన్నం గిన్నె చప్పుడే తప్ప ఆమె గొంతు వినబడలేదు.

బుధవారం మధ్యాహ్నం అతను సెలవు పెట్టి ఇంటికొచ్చేసరికి తలుపుకు తాళం.

“పొద్దున్నే పాపనెత్తుకోని అలిపిరి పక్కకి పోయిందప్పా,” అంది పక్కింటి గురవమ్మ గోడ మీద నుంచి తొంగిచూసి. “నీకు చెప్పలేదా?”

చెప్పలేదు. గోవిందుకు ఎక్కడో గుచ్చుకుంది. సాయంత్రం బస్సెక్కేలోపల ఆమెను చల్లబరచాలని బజారుకు పోయి రెండు మూరల కనకాంబరాలు కొనుక్కొచ్చాడు. వచ్చి చూస్తే ధనంజయ సంచీతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతను పోవాల్సిందీ అదే బస్సు.

“నా పక్క సీట్లో మటుకు కూసోవద్దు,” అన్నాడు గోవిందు.

“కూసుంటే నీ దరిద్రం నాకంటుకోదా?”

అయిదు గంటలకు వాకిట్లో ఆటో ఆగింది. కొంగును తల మీదుగా చెవుల దాకా లాక్కుని పంకజాక్షి దిగింది. చంకలో పాప. పాప తల నున్నగా, గంధం పూతతో మెరుస్తోంది.

ధనంజయ దిగ్గున లేచాడు. “మేనమామను నేను బతికే ఉండానే! ఎవురి ఒళ్ళో కూసోబెట్టినావు మే?”

“నా ఒళ్ళో.”

“ముహూర్తం రేపు గదా!” అన్నాడు గోవిందు.

“రేపు మీకు ఆటుండాది గదా!”

“అది నా హక్కు, పంకజా,” అన్నాడు ధనంజయ.

“ఆదివారం దాకా నీదే అన్నా. నువ్వే వద్దంటివి.”

మాట పెరిగితే బస్సు తప్పిపోయేటట్టుందని గోవిందు మధ్యలోకి వచ్చాడు. “సర్లే, అయిందేదో అయింది. ఇంద, ఈ పూలు పెట్టుకో. పాప వెంట్రుకల పుణ్యాన్నైనా మా మెరీనా గ్రూపు దాటాల.”

ఆమె పూల వైపు చూసింది. అందుకోలేదు. పాపను కిందికి దించి, తల మీది కొంగు వెనక్కి తీసింది.

పాప తల మాదిరే నున్నటి తల. అదే గంధం.

గోవిందు చాచిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. “ఇదేందే... నీకేం మొక్కుండాది?”

“మీ రెండు జట్లూ గ్రూపులోనే ఓడిపోవాలని,” అంది పంకజాక్షి. “మీ మాదిరి పనైనాక ఇస్తానని బేరం పెట్టలేదు. ముందే ఇచ్చేసొచ్చినా.”