లోపలి గడియ

“నేనొచ్చేలోపల నీకు ఫిట్సు వస్తే యట్ల పాపా?”

చెప్పులు వేసుకుని గడప దగ్గర నిలబడి అడిగింది వనిత. మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకున్న ఎనిమిదేళ్ల ఎస్తేరు కళ్లు తెరిచింది. పొద్దున్నుంచి పిల్ల ఒళ్లు కాలిపోతోంది. సీసాలో మందు అయిపోయింది. తండ్రి దేవేంద్ర హిందూపురంలో డ్యూటీలో ఉన్నాడు. మెడికల్ షాపు చూస్తే పెనుకొండ బస్టాండు దగ్గర.

“ఏం కాదులే మా. పోయిరా.”

“ఏం కాదని యెవురు రాసిచ్చినారు? బయట తాళమేస్తే, లోపల నిప్పంటుకుంటే యట్లొస్తావు? వద్దు. లోపల గడియ పెట్టుకో. యెవురొచ్చినా తియ్యొద్దు.”

ఎస్తేరు బడికి పోదు. ఎక్కడో పిల్లల ఆటో బోల్తా పడిందని విన్న రోజే వనిత బడిని ఇంట్లోకి తెచ్చేసుకుంది. పొద్దున ప్రార్థన, తర్వాత ఎక్కాలు, ఆ తర్వాత జాగ్రత్తలు. ఆ మూడోది ఏ బడిలోనూ చెప్పరు. వనిత చదివింది పదో తరగతే గానీ జాగ్రత్తల్లో ఆమెను మించినవాళ్లు లేరు. జ్వరమని ఈరోజు ఎక్కాలకు సెలవిచ్చింది. జాగ్రత్తలకు ఇవ్వలేదు.

“నాయన పంపించినాడని యెవురన్నా వస్తే?”

“తియ్యను.”

“ముత్యాలమ్మ అవ్వ పిలిస్తే?”

“తియ్యను.”

“నా గొంతే ఇనపడితే?”

ఎస్తేరు తడబడింది. “తీస్తా.”

“అదే వద్దనేది! ఇప్పుడు ఫోన్లల్లో యెవురి గొంతయినా అచ్చం అట్లే పెట్టి మాట్లాడతాండారంట. అది నమ్మి ఎంతమంది మోసపోయినారో!”

“మల్ల నువ్వే అని నాకెట్ల తెలుస్తాది మా?”

వనిత సంచి భుజానికి తగిలించుకుంది.

“అమ్మను తెలుసుకోలేవా? బాగా ఇను. నేనే అని గట్టిగా అనిపిస్తేనే తియ్యి.”

ఎస్తేరు తలూపింది. ఆ పిల్లది తండ్రి గుణం. మాట తక్కువ, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. తల్లి బయటికి రాగానే లోపల గడియ పడింది. వనిత తలుపు తోసి చూసుకుని మరీ కదిలింది.

మందు కొని పరుగులాంటి నడకతో వస్తుంటే వీధి మొదట్లో పక్కింటి ముత్యాలమ్మ ఎదురైంది.

“యాడికి మ్మే, యెనకాల కుక్కలు పడినట్ల?”

“పాప ఒక్కతే ఉండాది అవ్వా. ఒళ్లు కాలిపోతాండాది. ఈపాటికి ఏమైపోయిందో. ధర్మవరం పెద్దాసుపత్రికి తీసకపోవాలంటే ఇప్పుడు కారు దొరుకుతాదో లేదో...”

“అప్పుడే ధర్మవరం దాకా పోయినావా! ఆదివారమొస్తే చర్చిలో అంతసేపు మోకాళ్లేసుకుంటావే, మీ దేవుని మీద ఈ మాత్రం నమ్మకం లేదా?”

వనిత తల దించుకుంది.

“పిల్లకి జ్వరం కన్నా నీ పిరికే ఎక్కువ ఎక్కింటాది. ఈ పొద్దన్నా తలుపుకాడ ఏడ్సకుండా ధైర్యంగా ఒక మాట చెప్పు. సగం జ్వరం దిగిపోతాది.”

ఆ మాట వనితకు గుచ్చుకుంది. నిజమే, నా వణుకే పిల్లకు పడుతోందేమో. ముత్యాలమ్మ వెంట వస్తుంటే, నడుస్తూనే ప్రార్థన చేసుకుంది. తలుపు ముందు ఆగి, కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

“పాపా, తలుపు తియ్యి బంగారూ. మందు తెచ్చినా. జ్వరం తగ్గిపోతాది. ఏం కాదు.”

లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. అంతే.

మళ్లీ తట్టింది. “ఎస్తేరూ! అమ్మనమ్మా. భయపడొద్దు, నిదానంగా లేచి రా.”

జవాబు లేదు.

“ఏమ్మే పిల్లా! నేను, ముత్యాలమ్మని!” అంటూ ముసలామె అరచేత్తో బాదింది. తలుపు అదిరింది గానీ లోపల అలికిడి లేదు.

వనిత భుజంతో తలుపు తోసింది. స్పృహ తప్పిందా? కిటికీలోంచి చూద్దామంటే, దొంగలు చెయ్యి పెడతారని దాన్ని కూడా బిగించిపోయింది తనే. ఫోను చేద్దామంటే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తన చేతిలోనే ఉంది. గొంతు దాకా వచ్చిన ఏడుపును కొంగు నోట్లో కుక్కుకుని ఆపింది.

“ఏడ్సొద్దు!” ముత్యాలమ్మ ఆమె మణికట్టు పట్టుకుని గొంతు తగ్గించి గదిమింది. “నీ ఏడుపు ఇంటే లోపల పిల్ల గుండె పగుల్తాది. మాట్లాడు. ధైర్యంగా మాట్లాడు.”

చప్పుడు విని ఎదురింటి లోకేష్ గడ్డపార పట్టుకుని పరుగున వచ్చాడు.

“పక్కకి జరుగక్కా. తలుపు పోతే పోనీ.”

వనిత జరగలేదు. తలుపుకు చెంప ఆనించింది. లోపల నేల మీద పడి ఉన్న బిడ్డ కళ్ల ముందు కనిపిస్తోంది. అయినా ఉన్న శక్తంతా కూడగట్టుకుని, జన్మలో ఎన్నడూ మాట్లాడనంత నిబ్బరంగా మాట్లాడింది.

“పాపా, పెద్ద చప్పుడొస్తాది. భయపడొద్దు తల్లీ. నేనుండా కదా. ఏం కాదు.”

లోకేష్ గడ్డపార ఎత్తాడు.

అప్పుడు తలుపుకు అవతల, సరిగ్గా ఆమె చెంప ఉన్నచోటే, ఒక సన్నని గొంతు పలికింది.

“నువ్వు మా అమ్మ కాదు. మా అమ్మ ఎప్పుడూ ‘ఏం కాదు’ అనదు.”