చాడీల తీగ

ఇంటింటా బియ్యం డబ్బా పక్కనే బ్యాటరీ పెట్టె వెలిసిన రోజులవి. లోపలి గడులన్నిటినీ పూలదండలో దారంలా ఒకే ఒక్క తీగ చుట్టివచ్చేది. ఏ గడి వేడెక్కినా గట్టిగా అరిచి చాడీ చెప్పేది. పెట్టె మీద ఈగ వాలితే దాని ఒంటి వేడి కూడా కనిపెట్టేదంటే నమ్మాలి మరి!

మంగతాయారు నల్ల కోడిపెట్టను ముంగిస ఎత్తుకుపోయింది. ఆ జాతికి మిగిలినవల్లా అది పొదుగుతున్న గుడ్లే. ఆవిడ వాటిని పాత చీరముక్కలో చుట్టి, గోరువెచ్చని పెట్టె మీద పెట్టింది.

"ఏంటక్కా, మురిగిపోయిన గుడ్లకి పక్కలేస్తన్నావా?" అని గోడవతల నుంచి తోడికోడలు నవ్వింది. నిజంగానే మురిగిపోయాయేమోనని మంగతాయారుకు దిగులు పట్టుకుంది.

ఒకనాటి పొద్దున్నే తీగ గోల పెట్టింది: "మూడో గడికి జ్వరం!"

మెకానిక్ గనిరాజు పరిగెత్తుకొచ్చాడు. "పిన్నిగారూ, ఆ మూట తియ్యండి. పెట్టె చల్లార్చి గడి మార్చాలి."

"చల్లారిస్తే నా పిల్లలు చచ్చిపోతాయిరా!"

"పెట్టె అంటుకుంటే మనమే పోతామండీ."

చేసేదిలేక ఆవిడ మూటను ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పింది. గనిరాజు మూత విప్పేలోగానే, "జ్వరం తగ్గింది," అంది తీగ. అనుమానమొచ్చి అతను మూటను మళ్ళీ మూడో గడి మీదే పెట్టించాడు. కాసేపటికి జ్వరం మళ్ళీ వచ్చింది.

గనిరాజు బుర్ర గోక్కున్నాడు. "వేడి పెట్టెది కాదండీ, గుడ్లదే. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడొచ్చిందంటే, లోపల పిల్లలు బతికి ఎదుగుతున్నాయి."

మంగతాయారు కళ్ళు తుడుచుకుని గోడవైపు తిరిగింది.

"ఒసే తీగా, ఆ మాట ఇంకాస్త గట్టిగా చెప్పవే!"