పచ్చబడిన కడియం

ఆ రోజుల్లో వీధిలో అందరి చేతి కడియాలూ పచ్చబడితే తప్ప నిరసనకారులు రాయి ముట్టేవారు కాదు. కడియం నోటిమాట వినదు, మనసు చూస్తుంది: ఒప్పుకుంటే పచ్చ, కాదంటే ఎరుపు.

కుళాయి నీళ్ల కోసం పోరాడుతున్న సులోచన కోటేశ్వరమ్మ గుమ్మంలోకి వచ్చింది. "కోటమ్మొదినా, ఇక నీ కడియమే మిగిలింది. బస్సు అద్దాలు పగలగొడదామా?"

"ఛీ ఛీ, తప్పే సులోచనా!" అంది కోటేశ్వరమ్మ. కడియం పచ్చగా మెరిసింది.

"అయితే ఆరింటి బస్సు మీద పడతాం."

కడియం భగ్గున ఎర్రబడింది. "అది మీ అన్నయ్య నడిపే బస్సే! ఆయనేమన్నా నీళ్లు కట్టేశాడా? మొహాన గాజుపెంకులు గుచ్చుకోవూ?"

"పోనీ, ఏడింటిది?"

"తప్పని చెప్పానా!" అంటూ కోటేశ్వరమ్మ చెయ్యి గబుక్కున కొంగులో దాచుకుంది.

పలచటి నేతచీర. గుమ్మమంతా పచ్చటి వెలుగు పరుచుకుంది.