దుప్పటికి అవతలి కొస

ఆరబెట్టే యంత్రంలోంచి అప్పుడే తీసిన దుప్పటి. మధ్యలో ఇంకా ఆవిరి లేస్తోంది.

ఒక కొస పిల్లతల్లి పట్టుకుంది. అవతలి కొస అక్క చేతిలో ఉంది.

ఆ హోటల్ లాండ్రీలో దుప్పటి మడతకు ఎప్పుడూ ఇద్దరు. దులపాలి, లాగాలి, ఎదురెదురు నడిచి కొసలు కలపాలి. కలిపిన ప్రతిసారీ వేళ్ళకు వేళ్ళు తగులుతాయి.

చేతులకు పనే గానీ నోళ్ళు ఖాళీ. అందుకే ఆ గదిలో ఒక అలవాటు పుట్టింది. వారం మొదటి రోజున తలా ఒక ముచ్చట చెప్పాలి. చూసిన సినిమానో, ఆడిన ఆటో, ఇంటికి తెచ్చుకున్న అందమైన వస్తువో. ఏడుపు కబుర్లకు చోటు లేదు. అవి ఎవరింట్లో వాళ్ళకు ఎలాగూ ఉన్నాయి.

ఈ రోజు ఎవరూ మొదలుపెట్టలేదు.

కొడుకు పోయాక అక్క పనిలోకి రావడం ఇదే మొదలు.

"ఏంటి, అందరి నోళ్ళూ కుట్టేశారా?" అంది అక్కే. "చెప్పండి. ఇంటికి వచ్చినవాళ్ళంతా నా మొహం చూసి గుసగుసలు పోతున్నారు. ఇక్కడైనా మామూలుగా మాట్లాడతారని వచ్చాను."

ఇస్త్రీ బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఆయనకు తివాచీలు ఉతికే వీడియోలు దొరికాయట. మట్టి కొట్టుకుపోయిన తివాచీ మీద నీళ్ళు కొట్టేకొద్దీ రంగు బయటపడుతుందట. కూర్చుంటే లేవబుద్ధి కావట్లేదట.

"పొద్దస్తమానం ఇక్కడ ఉతికింది చాలలేదా?" అంది మరకల పిన్ని. మొండి మరకలు వదలగొట్టడం ఆవిడ పని.

"ఇంకొకడు ఉతుకుతుంటే కాళ్ళు చాపుకుని చూడటంలో ఉన్న సుఖం నీకేం తెలుసు పిన్నీ."

పిన్నిది హత్యల సీరియల్.

"ఆ వెధవ చంపేసి, చొక్కా తీసుకెళ్ళి వేడినీళ్ళలో నానేశాడు. వేడి తగిలితే రక్తం ఇంకా పట్టేస్తుంది. చల్లనీళ్ళలో వెయ్యాలని కూడా తెలియనివాడికి హత్యలెందుకు? అప్పుడే అనుకున్నా, దొరికిపోతాడని."

బాబాయి నవ్వబోయి ఆగాడు. పిన్ని నాలిక కరుచుకుంది.

"నిజమే పిన్నీ, చల్లనీళ్ళే" అంది అక్క. "నువ్వు నేర్పిందే. మావాడి చొక్కాకు పనికొచ్చింది."

పిన్ని తల వంచుకుని మరక రుద్దసాగింది.

ఇక్కడ విన్న మాట ఏదీ అక్క మరిచిపోదు.

సొరుగుల బీరువా ముచ్చట ఈ గదిలో చెప్పింది పిల్లతల్లే. మనిషెత్తు, సన్నగా, ఒక్కో సొరుగుకు ఒక్కో రంగు. ఇరుకు గదిలో మూల నిలబెడితే ఇల్లే వెలిగిపోయిందని ఫోటో చూపించి మురిసిపోయింది. చూడగానే అక్క కూడా అలాంటిదే తెప్పించుకుంది.

"ఇనుప పట్టీ ఒకటి, స్క్రూలు వచ్చాయే దాంతో. గోడకు బిగించాలేమో?" అని అడిగింది కూడా.

"ఏం అక్కర్లేదక్కా. అద్దె గోడకు తూట్లు పొడిస్తే ఇంటాయన ఊరుకుంటాడా? నేను బిగించలేదు. రాయిలా నిలబడింది."

నరం లేని నాలుక. అనేసింది. దుప్పటికి ఈ చివరా ఆ చివరా నిలబడి అనుకున్న మాటలు. మూడో మనిషి వినలేదు.

పైన పెట్టిన బొమ్మ కోసం అక్క కొడుకు సొరుగులు లాగి మెట్లెక్కినట్టు ఎక్కాడు. బీరువా వాడి మీదికి వచ్చేసింది.

అప్పటినుంచి పిల్లతల్లి తన పాప ఎక్కడ కూర్చున్నా తలెత్తి పైకి చూస్తోంది. టీవీ, అద్దం, గోడగడియారం. ఇంట్లో పడని వస్తువంటూ ఏదీ కనబడటం లేదు. పలకరించడానికి అందరితో పాటు వెళ్ళి, అక్క గుమ్మం కూడా దాటకుండా, పాపకు జ్వరమని చెప్పి వచ్చేసింది.

పాపకు జ్వరం లేదు.

"ఇక నువ్వే" అంది అక్క, దుప్పటి బిగించి పట్టుకుని.

"నేనేం చూళ్ళేదక్కా."

"పోనీ, ఆ బీరువా ఇంకా ఉందా మీ ఇంట్లో?"

బాబాయి ఇస్త్రీ పెట్టె లేపి పక్కన పెట్టాడు.

"ఉంది."

ఎదురెదురు నడిచారు. కొసలు కలిశాయి. అంత వేడి గుడ్డ మీద కూడా అక్క వేళ్ళు మంచులా ఉన్నాయి. అవి వెనక్కి పోలేదు.

"గోడకు బిగించావా?"

"బిగించాను."

"ఎప్పుడు?"

వాడు పోకముందే అంటే ఒక పాపం. పోయాక అంటే ఇంకొకటి.

పిన్ని, బాబాయి ఇటే చూస్తున్నారు.

"వద్దని నీకు చెప్పింది నేనే కదక్కా" అంది. "కబురు తెలిసిన రోజే బిగించాను. మా ఆయన వచ్చేదాకా కూడా ఆగలేదు. పక్కింట్లో డ్రిల్లు అడిగి తెచ్చుకున్నా. మీ ఇంటికి రావడానికి ముందే."

అక్క ఆమె మొహంలోకే చూస్తూ నిలబడింది. ఇద్దరి మధ్యా దుప్పటి వేలాడుతోంది.

"లాగి చూశావా?"

"చూశాను."

"ఊరికే అలా కాదు. పై సొరుగు పట్టుకుని, నీ బరువంతా వేసి లాగాలి."

అని, కొసలు పిల్లతల్లి చేతుల్లో పెట్టి, అక్క తర్వాతి దుప్పటి కోసం వంగింది.