బుడగల ట్యాంకు

"దిగకు బావా! అయ్యి ఈతకి పనికొచ్చే నీలు కావు!"

శివరామకృష్ణ అరుపు పూర్తికాకముందే గవర్రాజు చొక్కా విప్పి రెయిలింగు మీద పడేశాడు. గాలికి ఎగిరి ట్యాంకులో పడ్డ అతని హెల్మెట్ నాలుగు బారల దూరంలో నురగ మీద గిరగిరా తిరుగుతోంది. అది లేకపోతే రేపు గేటు దగ్గరే ఆపేస్తారు.

"గోస్తనీ వరదలో ఈదినోణ్ని. ఈ మురికి తొట్టికి బయపడతానేటి?" అని నవ్వి దూకేశాడు.

ఫ్యాక్టరీ మురుగునీటిని శుభ్రం చేసే ట్యాంకు అది. బ్లోయర్ రాత్రింబవళ్లు అడుగునుంచి గాలి కొడుతుంటే నీళ్లు కుతకుత ఉడుకుతున్నట్టే ఉంటాయి.

గవర్రాజు మునిగాడు. తేలాడు. మళ్లీ మునిగాడు. పద్మనాభం ఊరి చుట్టుపక్కల ఈతలో మొనగాడు, చేతులు బారలు చాపుతున్నాడు, కాళ్లు టపటపా కొడుతున్నాడు, జానెడు ముందుకు కదిలితే ఒట్టు. నీటికి బరువుంటే కదా మనిషిని మోసేది! బుడగల్లో ఏముంది, గాలి తప్ప?

"ఒరే కిట్టా! నీలు నన్ను మొయ్యట్నేదురా!"

శివరామకృష్ణకి ఈత రాదు. బ్లోయర్ ఆపితే చాలు, నీళ్లు మామూలు నీళ్లయిపోతాయి. స్విచ్చుల గదికి పరుగెత్తాడు. తాళం! పనివాళ్లు బ్లోయర్ ఆపేసి కునుకు తీస్తున్నారని సూపర్‌వైజర్ తాళంచెవి జేబులో వేసుకు తిరుగుతాడు. ప్రాణాలు కాపాడే తాడు కూడా ఆ గదిలోనే భద్రంగా ఉంది.

ఫోన్ చేశాడు. "సార్, మా బావ ట్యాంకులో మునిగిపోతన్నాడు! తాళం ఏదండి?"

"నేను మద్దిలపాలెంలో ఉన్నానయ్యా. వచ్చేస్తున్నా. ఈలోగా ఎలాగోలా తేలుతూ ఉండమను!"

రాయి తీసుకుని బాదాడు. చేతులు చిట్లాయి గానీ తాళం చెక్కుచెదరలేదు. వెనక్కి పరుగెత్తుకొచ్చేసరికి నురగ మీద తల లేదు, రెండు చేతులే ఉన్నాయి. అక్క కాంతానికి ఏ మొహం చూపించాలి?

"సింహాద్రప్పన్నా! నాను సేతకానోణ్ని. ఇంక నువ్వే దిక్కు!" అని చతికిలబడి ఏడ్చాడు.

ఠక్కున కరెంటు పోయింది.

బ్లోయర్ ఆగింది. బుడగలు అణిగాయి. గవర్రాజు తల బుడుంగున పైకొచ్చింది. దగ్గాడు, ఊపిరి పీల్చాడు, చెయ్యి ఒక్కటేశాడు. కదిలాడు!

"వచ్చీ బావా, వచ్చీ! నా సెయ్యందుకో!" శివరామకృష్ణ గట్టు మీద బోర్లా పడుకుని చెయ్యి చాచాడు. ఇంకో రెండు బారలు. ఇంకో బార.

కరెంటు పోయిన ప్రతిసారీ వెయ్యడానికి పరుగెత్తలేక, బ్లోయర్ నిమిషం కూడా ఆగకుండా దానంతటదే అందుకునేలా ఆ పొద్దున శివరామకృష్ణ తన చేత్తోనే సరిచేసి పెట్టిన జనరేటర్, గోడ అవతల గుర్రుమంది.