రెండు గోడల మధ్య సందు

తోడల్లుళ్లిద్దరూ పక్కపక్కనే చెరో గోడ లేపుతున్నారు. ముసలి మేస్త్రి పెట్టిన పోటీ ఇది: ఎవరిది నిటారుగా నిలిస్తే వాళ్లే రేపటి నుంచి పెద్ద మేస్త్రి.

పెద్దల్లుడు తన ఇటుకల కంటే చిన్నల్లుడి ఇటుకలనే ఎక్కువ చూశాడు. అసూయకు కళ్లెక్కువ, చూపు తక్కువ. అడుగున బెత్తెడున్న సందు పైకొచ్చేసరికి రెండు వేళ్లకు తగ్గింది. అతని కడుపు చల్లబడింది.

"మేస్త్రిగారూ, తమ్ముడి గోడ నా మీదికి ఒరుగుతోంది. గుండు వేసి చూడండి."

ముసలి మేస్త్రి తాడుకు కట్టిన మట్టపు గుండును గోడల పైనుంచి వదిలాడు. అది దేవుని తీర్పులాంటిది, చుట్టరికం చూడదు. చిన్నల్లుడి గోడను తాడు పైనుంచి కిందిదాకా అంటుకునే ఉంది. పెద్దల్లుడి గోడకు మాత్రం అడుగున రెండు వేళ్ల దూరంలో వేలాడింది.

చిన్నల్లుడు తల దించుకున్నాడు.

"మూడో వరసలోనే చెబుదామనుకున్నా అన్నయ్యా. పోటీ అన్ననాటి నుంచి నాతో మాటే మానేశావు కదా."