పరదేశం చదువుకు భిశీ

"డబ్బాల చెయ్యి పెట్టకు వెంకట్రావన్నా. ఈ నెల చీటీ తియ్యొద్దు" అంది లీలాబాయి.

వెంకట్రావు చెయ్యి డబ్బా మీదే ఆగింది. నాందేడ్ బజారులో అతనిది బట్టల దుకాణం. దుకాణదారులు నెలనెలా తలా కొంత వేసి, చీటీలో పేరొచ్చినవాళ్లకు మొత్తం ఇచ్చే భిశీ అతని దగ్గరే నడుస్తుంది. ఇవాళ అందరూ అక్కడే చేరారు.

"ఎందుకు తియ్యొద్దు?"

"ఈసారి పైసలు మన మారోతికియ్యాలె. సోమారం లోపల ఎం.కాం. ఫీజు కట్టకుంటే సీటు పోతది."

మారోతి గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. మూడేళ్లుగా లీలాబాయి ఇంటి పై గదిలోనే ఉండి బి.కాం. చదివాడు. మారోతి అని పేరు పెట్టింది కూడా ఆమే.

"పరదేశంల చదువంటే తమాషానా? వీని తండ్రేం జేస్తుండు?"

"పైస బ్యాంకుల పెట్టుకొని కూసుండు పాపం. అది దేశం దాటాలంటే సర్కారు పర్మిషన్ గావాలెనట. అచ్చెదాంక మనమే ఆదుకోవాలె."

"ఇయ్యాల నువ్వడుగుతవు, రేపు ఇంకోడు అడుగుతడు. కాయిదా కాయిదానే, అందరికి ఒక్కటే." వెంకట్రావు చీటీ తీసి చదివాడు. "కాశీబాయి!"

గాజులమ్మే కాశీబాయి బోసినోటితో నవ్వింది. "బతికిన. ఈ వానాకాలం రేకులేస్త. ఇంట్ల కారని జాగ లేదు."

మారోతి మళ్లీ చెప్పులు తొడుక్కున్నాడు. "పోదాం అత్తా. అవ్వ ఇల్లు కారుతున్నది గదా."

"ఆగుర పోరగా, ఇటు రా" అంది కాశీబాయి. "పరదేశం చదువుకు మీ అమ్మ ఎట్ల ఒప్పుకున్నది?"

"ఏడ్చింది. ఏడ్చుకుంటనే పొమ్మన్నది."

"చదువైనంక అమ్మ కాడికి పోతవా, పరదేశంలనే ఎవతెనో చేసుకొని ఉండిపోతవా?"

"అమ్మ కాడికే పోత అవ్వా."

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఎందుకు అవ్వా? వెంకట్రావ్ కాక మీద ఒట్టు."

అందరూ గొల్లున నవ్వారు. కాశీబాయి కొంచెంసేపు గాజుల బుట్ట సర్దుకుంటూ కూర్చుంది.

"ఇయ్యి వెంకట్రావ్, పోరనికియ్యి."

"మరి నీ రేకులు?"

"కారేకాడ గిన్నెలు పెట్టుకుంట. గిన్నెలకేం కరువు? వాని తండ్రి పైసలు రాంగనే నాకిస్తడు. ఇయ్యకుంటే లీల ఇంట్ల పోయి పండుకుంట, వానలు ఆగెదాంక!"

"రా పెద్దమ్మా, ఇయ్యాలనే రా" అంటూ లీలాబాయి కళ్లు తుడుచుకుంది.

వెంకట్రావు ఇక కాయిదా మాటెత్తలేదు. డబ్బు మారోతి చేతిలో పెట్టి, పైన ఒక అంగీ బట్ట కూడా చింపి ఇచ్చాడు. మారోతి వంగి కాశీబాయి కాళ్లు మొక్కాడు.

"నువ్వు అమ్మ కాడికి పోయేటప్పుడు నన్ను గూడ తీస్కపో బిడ్డా" అంది ఆమె. "గసొంటి తల్లిని ఒక్కపారి చూడాలె. మీ ఊరి బస్సు బిలోలి మీదికెల్లి పోతదా, కిన్వట్ మీదికెల్లి పోతదా?"

లీలాబాయి నవ్వాపుకుంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మారోతి తల గోక్కున్నాడు.

మారోతి సొంతూరు నైరోబీ.